దూరపు కొండలు - దగ్గరి లెక్కలు

దూరపు కొండలు నునుపు అనే సామెతను బళ్ళో వ్యాసాలు రాసేటప్పుడు మనమంతా వాడినవాళ్ళమే. అందులో వున్నది నీతి మాత్రమే అని చాలాకాలం అనుకుంటూ వచ్చాము. అందులో గణితం కూడా వున్నది. కొండ యెంత దూరంనుంచి చూస్తే యెంత నునుపవుతుందో మీటర్లలో చెప్పవచ్చు. ఆ మీటర్లను లెక్కచేయకపోతే రెండు కిలోమీటర్ల పొడవున్న కొయ్యదారిమీద ముప్ఫయిమంది కూర్చున్న బండి నడిమిట్టమీద నిలబడిపోతుంది కూడాను. భయపడకండి, అది నిజం బండి కాదు. కంప్యూటరులో నడిచే బండి.

సంగతి రోలర్ కోస్టరుది. పాఠకులలో కొందరు దాన్ని ఎక్కి వుంటారు. ఎక్కనివారు కింద నిలబడి, ఎక్కినవారి చెప్పులూ సంచులూ కాపలా కాస్తూ వాళ్ళ కేకలు విని వుంటారు. నేను రెండవ కోవకు చెందినవాణ్ణి. కాపలా కాసేవాడికి తీరిక ఎక్కువ కనుక ఆ బండి యెలా నడుస్తున్నదా అని ఆలోచించడానికి వీలు చిక్కుతుంది. ఒక గొలుసు బండిని మెల్లగా శిఖరానికి లాగుతుంది, లాగి వదిలేస్తుంది. ఆ తరువాత యంజను లేదు, ఇంధనం లేదు. ఎత్తుమీద సంపాదించుకున్న శక్తిని పల్లంలో వేగంగా మార్చుకుంటూ, మిట్ట వచ్చినప్పుడు ఆ వేగాన్ని ఖర్చు పెట్టుకుంటూ, దారి పొడుగునా గాలికీ చక్రాల రాపిడికీ కొంత పన్ను కట్టుకుంటూ ఎలాగో ఇల్లు చేరుతుంది. నెలజీతగాడి సంసారం లాంటిదే! ఒకటో తారీఖున అంత ఎత్తు. తరువాత మధ్యమధ్య మిట్టలు వచ్చినా మొదటి ఎత్తును మించేది ఒక్కటీ వుండదు.

ఈ వినోదం పుట్టిందే కొండవాలులో. అమెరికాలోని పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అనే వూరికి గనులనుంచి బొగ్గు దింపడానికి 1827లో తొమ్మిది మైళ్ళ పట్టాలు వేశారు. నిండు బండ్లు వాటంతట అవే దిగేవి. ఖాళీ బండ్లను కంచరగాడిదలు పైకి లాగేవి. ఆ గాడిదలు మాత్రం కిందికి దిగేటప్పుడు దర్జాగా బండ్లలోనే దిగేవి. కొన్నాళ్ళకు బొగ్గుకు వేరే దారి యేర్పడి, ఈ దారి విహారానికి వచ్చినవాళ్ళ పాలయింది. 1884లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన న్యూయార్కు దగ్గర కోనీ ఐలండులో, కొండ అన్నదే లేని సముద్రతీరాన, కొయ్యతో మిట్టలూ పల్లాలూ కట్టి, మనిషికి ఐదు సెంట్లు పుచ్చుకుని, గంటకు ఆరు మైళ్ళ వేగంతో జనాన్ని తిప్పాడు.

అప్పటినుంచి ఈ విద్యలో రెండు సంప్రదాయాలు వస్తున్నాయని చెప్పవచ్చు. చదును నేలమీద తన కొండలు తానే కట్టుకునేది ఒకటి. వున్న నేలను, దాని వాగులనూ లోయలనూ నమ్ముకుని సాగేది రెండవది. మొదటిది స్వతంత్ర కావ్యం. రెండవది, మేము తరగతిలో చెప్పుకునే మాటలో, సమస్యాపూరణం. నేల సమస్య ఇస్తుంది, ఇంజనీరు పూరించాలి.

పూరణాలలో గట్టివి కొన్ని వున్నాయి. పిట్స్‌బర్గు దగ్గర కెన్నీవుడ్ ఉద్యానంలో 1920లో కట్టిన జాక్ రాబిట్ లోయలోకి దిగి పైకి వస్తుంది. ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్ అనేచోట చెట్ల తలలకు పైన యేదీ లేవరాదని నిబంధన. పైకి పోనివ్వకపోతే కిందికి పోదామని రాతినేలను పేల్చి గొయ్యి తవ్వి, ఆ గోతిలో 1994లో నెమెసిస్ అనే ఉక్కుబండిని నడిపారు. కాని నేను యెక్కువగా చెప్పదలచుకున్నది ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటికి చేరువగా, మేసన్ అనేచోట వున్న కింగ్స్ ఐలండు ఉద్యానంలోని ‘ది బీస్ట్’ను గురించి. అంటే మృగం.

ఈ మృగం 1979 ఏప్రిల్లో బయటికి వచ్చింది. దారి పొడవు 7,300 అడుగులకు పైనే, అంటే రెండు కిలోమీటర్లకు పైగా. ఇంతవరకు కొయ్యదారులలో ఇంత పొడవుది మరొకటి లేదు. 35 ఎకరాల అడవిలో చెట్ల నడుమ పోతుంది కనుక యెక్కినవాడికి ముందేమున్నదో కనిపించదు. రాత్రివేళయితే అసలే కనిపించదు. ఇందులో తమాషా యేమంటే, గొలుసు బండిని 110 అడుగుల ఎత్తుకే తీసుకుపోతుంది, కాని 1979లో కట్టినప్పుడు అక్కడినుంచి మొదటి దిగుడు 135 అడుగులు! మిగతా 25 అడుగులూ యెక్కడివి? నేల ఇచ్చినవి. బండి నేలమట్టం దాటి సొరంగంలోకి దూకుతుంది. అంత దుంగా మేకూ ఖర్చు మిగిలిందన్నమాట.

మేసన్ ప్రాంతంలో మన తెలుగు కుటుంబాలు తక్కువ కాదు. మా అక్క కొడుకు అక్కడే వుద్యోగం చేస్తున్నాడు. అతడికి ఈ మృగం మీద పిచ్చి. ఆదివారాలు అందరూ గుడికి పోతే ఇతగాడు దానిని యెక్కడానికి పోతాడని మా అక్క ఫిర్యాదు. ఇప్పుడు దానిని ఇంట్లోనే కట్టుకుంటున్నాడు. నోలిమిట్స్ అని ఒక ప్రోగ్రాము వున్నది. ఓలే లాంగె అనే జర్మను 2001లో తెచ్చాడు. రెండవది 2014లో వచ్చింది. పిల్లల ఆటగా మొదలయి, బండ్లు తయారుచేసే కంపెనీలు కూడా వాడుకునేటంతటి స్థాయికి వచ్చింది. అందులో పట్టాలు పరిస్తే, ఎత్తునుబట్టి వంపునుబట్టి బండి వేగమూ, కూర్చున్నవాడి వొంటిమీద పడే బరువూ క్షణక్షణమూ లెక్కవేసి చూపుతుంది. పట్టాలు పరచడం వచ్చినవాళ్ళు లోకంలో వేలమంది వున్నారు. అసలు ప్రతిభ నేలదగ్గర బయటపడుతుంది.

కొందరు ముందు పట్టాలు పరిచి, తరువాత మట్టిని వాటికింద అతుక్కునేలా పైకీ కిందికీ లాగుతారు. ఇది పద్యం రాసేసి ఆనక ఛందస్సు వెతుక్కోవడం వంటిది. ఫొటోలో బాగుంటుంది; అంతకుమించి నాకు దానిమీద గౌరవం లేదు. మా మేనల్లుడు సెలవుకు వచ్చినప్పుడు లాప్‌టాప్ ముందేసుకుని, “మామయ్యా, ముందు నేల. నేల కుదిరితే మృగం దానంతట అదే వచ్చి కూర్చుంటుంది” అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. పక్కన కుర్చీ వేసుకున్నాను.

నేల యెత్తు యెవరికి తెలుసు? ఆకాశంలో పోయేవాళ్ళకు. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అనే అమెరికను వ్యోమనౌక 60 మీటర్ల పొడవు చెయ్యి చాచి, దాని చివర ఒక రాడారు కన్నూ, తన వొంటిమీద ఇంకొక కన్నూ పెట్టుకుని, పదకొండు రోజులు భూమిచుట్టూ తిరిగింది. ఉత్తరాన 60 డిగ్రీలనుంచి దక్షిణాన 56 డిగ్రీలదాకా, లోకంలోని నేలలో నూటికి 80 పాళ్ళు కొలిచివేసింది. రెండు కళ్ళతో చూస్తేనే గదా మనకైనా లోతు తెలిసేది! ఆ కొలతలు యెవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. చాలాకాలంపాటు అమెరికాకు 30 మీటర్లకు ఒకటి చొప్పునా, మిగిలిన దేశాలకు 90 మీటర్లకు ఒకటి చొప్పునా ఇచ్చారు. 2014నుంచి అందరికీ 30 మీటర్లవి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇక్కడే సామెత వచ్చి కూర్చుంటుంది. 90 మీటర్లకు ఒక కొలత అంటే రెండెకరాల చేనుకు ఒకే ఎత్తు రాసుకోవడం. 30 మీటర్లు అంటే సుమారు 22 సెంట్లకు ఒకటి. ఆ రెండెకరాలలో వాగు వున్నా, గట్టు వున్నా, అన్నీ కలిసిపోయి సగటు అవుతాయి. మృగం తిరిగే 35 ఎకరాలకు మొదటి లెక్కన పదిహేడో పద్దెనిమిదో అంకెలు వస్తాయి. రెండవ లెక్కన నూటయాభైకి పైచిలుకు. బండి దూకే లోయలు ఆ అంకెల సందుల్లోనుంచి జారిపోతాయి. కనిపించేదంతా నున్నటి కొండే.

మరొక చిక్కు. ఆ రాడారు దట్టమైన అడవిమీద పడితే చాలావరకు కొమ్మలలోనే ఆగి వెనక్కి వస్తుంది. అడవి తలను నేల అని రాసుకుంటుంది. అడవిలో తిరిగే మృగానికి ఇది యేం పనికివస్తుంది? అందుకని విమానంనుంచి లేజరు కిరణాలను కురిపించే లైడార్ అనే పద్ధతి వచ్చింది. ఒక్కొక్క కిరణపు మెరుపులో కొంత ఆకుమీద పడి ముందు వస్తుంది, కొంత కొమ్మమీద పడి తరువాత వస్తుంది, ఆకుల సందులోనుంచి నేల తాకినది అందరికంటె ఆలస్యంగా వస్తుంది. ఆఖర్న వచ్చినవాడే నిజం చెప్పేవాడన్నమాట. అమెరికా ప్రభుత్వ సర్వే శాఖ ఈ కొలతలను చాలాచోట్ల మీటరుకు ఒకటి చొప్పున ఉచితంగా ఇస్తున్నది. 35 ఎకరాలకు లక్షా నలభైవేలకు పైగా అంకెలు! తెరమీద ఆ నేల తెరుచుకున్నప్పుడు నేను నిజంగా తెల్లబోయాను. చెట్లు లేవు, ఇళ్ళు లేవు. గుండు కొట్టించుకున్న తలమీద పాత గాయపు మచ్చలు కనిపించినట్టు వాగు మడతలన్నీ బయటపడ్డాయి.

ఈ అంకెలను ప్రోగ్రాముకు నలుపు తెలుపు బొమ్మగా మార్చి ఇవ్వాలి. నలుపు పల్లం, తెలుపు మిట్ట, మధ్యవి బూడిదరంగులు. మామూలు బొమ్మలో బూడిదరంగు మెట్లు 256. వంద మీటర్ల ఎత్తును వాటికి పంచితే మెట్టుకు 39 సెంటీమీటర్లు. అంటే వాలు కాస్తా కోనేటి మెట్లయిపోతుంది. అందుకని 65,536 మెట్లున్న బొమ్మను వాడతారు. అప్పుడు మెట్టు ఒకటిన్నర మిల్లీమీటరు. తరువాత రేఖాంశాల పేచీ. భూమధ్యరేఖనుంచి దూరం పోయినకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి గదా! మేసన్ దగ్గర ఒక సెకను కోణానికి ఉత్తర దక్షిణాలుగా 31 మీటర్లు వస్తే, తూర్పు పడమరలుగా 24 మాత్రమే. ఈ సంగతి మరచి చదరపు గళ్ళుగా పరిస్తే కొండ పాతిక శాతానికి పైగా అడ్డంగా సాగిపోతుంది, పెళ్ళి ఫొటోలో చివర నిలబడ్డ చుట్టంలాగా.

ఇంత పట్టింపు యెందుకంటే, పట్టాల ఎత్తు నేలనుబట్టే తెలియాలి. మృగం నక్షా మావాడి దగ్గర లేదు. ఫొటోలు చూసి, ఫలానాచోట కొయ్యగుంజలకు అడ్డదూలాలు ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టి, నేలకు ఇంత పైన పట్టా వుందని అంచనా కడతాడు. నేల రెండు మీటర్లు తప్పితే పట్టా కూడా రెండు మీటర్లు తప్పుతుంది. ఆ తప్పు పల్లంలో పెద్దగా కనిపించదు. రాపిడిని పక్కన పెడితే, 41 మీటర్లు దిగిన బండికి గంటకు 102 కిలోమీటర్ల వేగం వస్తుంది. 39 మీటర్లు దిగినదానికి దాదాపు 100. యెవరికి తెలుస్తుంది? కాని మిట్టమీద సంగతి వేరు. బండి దగ్గర ఇంకా ఐదు మీటర్ల ఎత్తుకు సరిపడా శక్తి మిగిలివుంటే గంటకు 36 కిలోమీటర్లతో మిట్ట దాటుతుంది. మూడు మీటర్లదే మిగిలితే 28. మిగిలింది రెండు మీటర్లే అయితే, ఈ తప్పు దానినంతా మింగేస్తుంది; బండి అక్కడే నిలబడి, ఆలోచించుకుని, వెనక్కి వస్తుంది. నెలాఖరున చిన్న ఖర్చు పెద్దదయినట్టే.

ఇదంతా చూస్తుంటే నాకు తాళపత్రాలే మనసులో మెదిలాయి. బ్రౌను దొర కడపలో పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి వున్న ప్రతులను పక్కపక్కన పెట్టించి పాఠాలు సరిచూయించాడు. మావాడు చేసేదీ అదే. రాడారు ఒక ప్రతి, లేజరు ఒక ప్రతి, ఫొటోలు ఒక ప్రతి. పాఠాంతరాల బెడద కూడా వున్నది. 2022లో ఉద్యానం తెరిచే ముందు మృగం దారిలో కొంత మేర తిరగ్గట్టి, మొదటి దిగుడు వాలును 45 డిగ్రీలనుంచి 53కు పెంచారు. కట్టవలసింది 1979 మృగమా, 2022 మృగమా? పాతది సులువని, కొత్తది జనం గుర్తుపడతారని మిత్రులు చెరొక సలహా ఇచ్చారట. నేను 1979 పక్షం. మూలం ముందు కుదిరితే తరువాతివాళ్ళ దిద్దుబాట్లు యెప్పుడైనా చేర్చుకోవచ్చు.

అన్నిటికంటె గట్టి చిక్కు మొదటి దిగుడు అడుగున వచ్చింది. అది సొరంగం. లేజరుకు సొరంగం కప్పు కనిపిస్తుందిగాని లోపలి నేల కనిపించదు. దిగుడు మొత్తం 135 అడుగులని తెలుసు గనుక శిఖరంనుంచి కిందికి కొలిచి ఆ అడుగును నిర్ణయించాడు. “కప్పు కింద వున్నది కిరణానికి కనపడదు మామయ్యా” అని అతడు అంటూంటే, పక్క మంచంమీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ, “నీళ్ళకింద వుండేది కనపడుతుందా నాయనా?” అని అడిగింది.

మా అమ్మ పుట్టినవూరు కృష్ణ వొడ్డున వుండేది. శ్రీశైలం జలాశయం నిండడానికి 1981లో ఖాళీ చేయించిన వూళ్ళలో అది ఒకటి. నాకు ఆ వూరు గుర్తులేదు. ఆమెకు మాత్రం అంగుళం అంగుళం గుర్తు.

మావాడు ఆ చోటికి రాడారు కొలతలు దించాడు. నల్లమల కొండలు చక్కగా లేచాయి. నది వుండవలసినచోట మాత్రం నేల చదునుగా, అద్దం పరిచినట్టు వచ్చింది. రాడారు నీళ్ళలోకి దిగదు. పైగా ఆ కొలతలను సవరించి ఇచ్చేటప్పుడు చెరువులకూ జలాశయాలకూ ఒకే ఎత్తు వేసి చదును చేసేస్తారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, “ఇది కట్ట కట్టినాకది. మాది కాదు” అన్నది.

ఊరికే వదలడం నాకు ఇష్టం లేకపోయింది. సర్వే ఆఫ్ ఇండియావారి పాత అంగుళం-మైలు పటాలలో 50 అడుగులకు ఒకటి చొప్పున సమోన్నత రేఖలు వుంటాయి. జలాశయానికి ముందటి పటం ఒకటి సంపాదించాను. ఆ రేఖలమీద మావాడు రెండు రాత్రులు కూర్చుని గీతలు గీసి, మధ్యనున్న నేలను యంత్రంచేత పూరింపజేశాడు. నీళ్ళు పోయాయి. లోయ వచ్చింది. వూరి గుర్తుకూ నదికీ నడుమ పటంలో పావంగుళం, అనగా పావు మైలు. ఎత్తులో తేడా ఒక్క గీత, 50 అడుగులు. యంత్రం ఆ రెంటినీ కలిపి తిన్నని వాలు వేసింది.

“ఇంత నున్నగా యాడుండేదిరా మా రేవు!” అన్నది అమ్మ. వూరినుంచి చాలాదూరం చదునుచేనేనట. తరువాత ఒక చింతచెట్టు. చెట్టు దాటగానే నేల ఒక్కసారిగా విరిగి, నిలువుగా రేవులోకి దిగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు సగం యెక్కాక కడవ దించుకునే బండ ఒకటి వుండేదట. ఆడవాళ్ళ కబుర్లన్నీ ఆ బండ దగ్గరే.

పటం అబద్ధం చెప్పలేదు. పైగీత దగ్గర ఎత్తు సరే, కిందిగీత దగ్గర ఎత్తు సరే. మధ్య యేముందో పటం మాట్లాడలేదు, అంతే. తిన్నని వాలుకూ, చదునుచేను తరువాత విరుగుడుకూ ఆ రెండు గీతలూ సమానంగా సాక్ష్యం ఇస్తాయి. మరి అమ్మ చెప్పినట్టు దిద్దవచ్చునా? మావాడు తటపటాయించాడు. నలభైయేళ్ళ దాటిన జ్ఞాపకం, దానికి మీటర్లు యెక్కడ? నేను దిద్దమన్నాను, ఒక షరతుమీద. తాళపత్రంలో పురుగు తిన్నచోట మంచి పరిష్కర్త గ్రంథపాతమని గుర్తు పెడతాడు. తాను వూహించి పూరిస్తే అది తన పూరణమని చెబుతాడు. చెప్పకుండా పూరించడమే దొంగతనం. కనుక పటం ఇచ్చిన నేలకు పచ్చరంగు, అమ్మ చెప్పిన నేలకు యెర్రమట్టి రంగు వేయించాము. చూసినవాడికి యేది యెవరి మాటో తెలుస్తుంది.

అప్పుడు మావాడికి వుత్సాహం వచ్చి, “అమ్మమ్మా, వూళ్ళోనుంచి రేవుకు పట్టాలు వేసి బండి యెక్కిస్తాను” అన్నాడు. “బండి యెందుకురా, నడిచిపోతా” అన్నది. ఆ ప్రోగ్రాములో మనిషి నడిచే పద్ధతి కూడా వున్నది. కంటి ఎత్తున, నడకవేగాన, చేను దాటి చింతచెట్టుదాకా తీసుకుపోయాడు. చెట్టుదగ్గర ఆగమన్నది అమ్మ. కాసేపు యేమీ మాట్లాడలేదు. తరువాత, ఎండ యెదటినుంచి కాదు, వీపుమీద పడాలి, పొద్దున గదా నీళ్ళకు పోయేది అన్నది. సూర్యుణ్ణి జరపడానికి కూడా అందులో మీట వుంది. జరిపాడు.

వేసవిలో జలాశయం తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి ఏటేటా బయటపడుతుంది. అమ్మ వూరు వున్నది ఇంకా లోతట్టున.

మావాడు తిరిగి వెళ్ళిపోయాడు. మృగం పని రెండవ గొలుసుమిట్టదాకా వచ్చిందట. అక్కడినుంచి 141 అడుగుల పొడుగాటి దిగుడూ, అడుగున సుడి తిరిగే మలుపూ మిగిలాయి. అంత ఎత్తుకు లెక్క కడితే గంటకు 104 కిలోమీటర్లదాకా రావాలి. ఆ బండికి చెప్పే అత్యధిక వేగమూ దాదాపు అంతే. నేల సరిగా వచ్చిందో లేదో చూడడానికి గడియారం పెట్టుకుని యెక్కి, అసలు బండి యెన్ని క్షణాలకు యెక్కడుంటుందో రాసుకుంటున్నాడు. ఆదివారాలు ఫోను చేసినప్పుడు ఆ అంకెలు నాకు చెబుతాడు. నేను రాసుకునేలోపల అమ్మ ఫోను లాక్కుని తన సవరణలు మొదలుపెడుతుంది. పోయిన వారం, కడవబండ ఇంకొంచెం పైకి జరపమన్నది.